పాతాళభైరవి: వరమిచ్చే విగ్రహం, గెలిచే మనిషి

ప్రవేశిక

తెలుగు జానపద చలనచిత్రాలను గురించిన చర్చ ఎక్కడ మొదలైనా ‘పాతాళభైరవి’ దగ్గరికి చేరుకోక తప్పదు. విజయా సంస్థ పక్షాన నాగిరెడ్డి, చక్రపాణి నిర్మించగా కె.వి. రెడ్డి దర్శకత్వం వహించిన ఈ చిత్రం 1951 మార్చి 15న విడుదలైంది. రచన పింగళి నాగేంద్రరావు, సంగీతం ఘంటసాల, ఛాయాగ్రహణం మార్కస్ బార్ట్‌లీ, కళాదర్శకత్వం మాధవపెద్ది గోఖలే, కళాధర్. 28 కేంద్రాలలో నేరుగా నూరు రోజులు ఆడిన తొలి తెలుగు చిత్రంగా దీనిని చలనచిత్ర చరిత్రకారులు పేర్కొంటారు. అదే సంవత్సరం తమిళంలోను, మరుసటి ఏడు హిందీలోను ప్రేక్షకుల ముందుకు వచ్చింది. 1952లో జరిగిన తొలి భారత అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలోనూ ప్రదర్శితమైంది.

ఇంతటి ఆదరణకు సాధారణంగా చెప్పే కారణాలు మూడు: మాయామర్మాల చిత్రీకరణ, పాటలు, నేపాళ మాంత్రికుడిగా ఎస్.వి. రంగారావు నటన. ఇవేవీ కాదనలేనివే. అయితే మాయలు ఒక్క ఈ చిత్రానికే పరిమితం కావు. 1949 నాటి ‘కీలుగుర్రం’ కూడా మాయలతోనే ప్రేక్షకులను ఆకట్టుకుంది. పైగా ఛాయాగ్రహణ తంత్రం అన్నిటికంటే త్వరగా పాతబడుతుంది. 1951లో నోరు తెరిచి చూసిన దృశ్యం వెనుక ఉన్న కిటుకును నేడు పాఠశాల విద్యార్థి కూడా ఊహించగలడు. అయినా చిత్రం నిలిచింది. కాబట్టి కారణం మాయలో కాక, మాయను కథ ఎక్కడ నిలిపింది, ఎక్కడ పక్కకు తప్పించింది అన్న దానిలో ఉందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కథామూలాలు

మధిర సుబ్బన్న దీక్షితుల ‘కాశీమజిలీ కథలు’, అరేబియన్ రాత్రులలోని అల్లావుద్దీన్ కథ ఈ చిత్రానికి ఆధారాలని చెప్పడం పరిపాటి. రెండో పోలిక స్పష్టంగానే కనిపిస్తుంది. ఒక మాంత్రికుడు తన పని నెరవేర్చుకోవడానికి పరాయి ఊరి కుర్రవాణ్ణి వెతుక్కుంటూ రావడం, గుహ, కోరినదిచ్చే వస్తువు, రాత్రికి రాత్రి వెలసిన మేడ, ఆ మేడ రాజకుమారితో సహా మాయమవడం అల్లావుద్దీన్ కథలోని ఘట్టాలే.

ఇంతకంటే లోతైన మూలం మరొకటి ఉంది. అది బేతాళ కథల చట్రం. అక్కడ క్షాంతిశీలుడనే భిక్షువు తన సిద్ధి కోసం సాహసి అయిన రాజును శ్మశానానికి రప్పించి బలి ఇవ్వజూస్తాడు. బేతాళుడు ముందుగా హెచ్చరించడంతో రాజు భిక్షువునే బలిగా సమర్పిస్తాడు. ‘పాతాళభైరవి’లో హెచ్చరించే పని మొసలి చేస్తుంది. తోటరాముడి చేతిలో చచ్చిన మొసలి శాపవిముక్త అయిన దివ్యాంగనగా మారి, మాంత్రికుడి అసలు ఉద్దేశాన్ని బయటపెడుతుంది. ఆ తరువాత బలిపీఠం మీద పాత్రలు తారుమారవుతాయి. బేతాళ కథలలోని రాజు లోకవ్యవహారంలో ఉజ్జయినీ విక్రమార్కుడే; మన చిత్రంలోని రాజ్యమూ ఉజ్జయినియే. (కథాసరిత్సాగరంలో మాత్రం ఈ రాజు గోదావరీ తీరంలోని ప్రతిష్ఠానపురానికి చెందినవాడు. ఆ లెక్కన కథ మనకు మరింత దగ్గరిది.) మాంత్రికుణ్ణి వెతుకుతూ సాగే ప్రయాణంలో నాయకుడికి దక్కే మాయాపాదుకలకు కూడా కథాసరిత్సాగరంలో పుత్రకుడు సంపాదించిన పాదుకలు పూర్వరూపం.

ఈ రెండు మూలాల కలయికలోనే పింగళి, కె.వి. రెడ్డిల నేర్పు కనిపిస్తుంది. అల్లావుద్దీన్‌కు దీపం దాదాపు అయాచితంగా దొరుకుతుంది. అతడు చేసిన సాహసం స్వల్పం. బేతాళ కథలో సాహసం ఉంది కాని, సాహసి అప్పటికే రాజు. అతడు కొత్తగా ఎదగవలసిన అవసరం లేదు. ఒక కథలోని పేదవాణ్ణి మరొక కథలోని వీరుడి స్థానంలో నిలబెట్టడంతో తోటరాముడు పుట్టాడు.

భైరవి ఎవరి పక్షం?

ఈ చిత్రానికి ముందు కె.వి. రెడ్డి ‘భక్త పోతన’, ‘యోగి వేమన’ (1947) తీశారు. భక్తిచిత్రంలో దైవం మంచిచెడులు ఎరుగును. భక్తుణ్ణి పరీక్షించినా చివరకు అతని పక్షమే వహిస్తుంది. ‘పాతాళభైరవి’లో దైవానికి అటువంటి పక్షపాతం లేదు. విగ్రహం ఎవరి చేతిలో ఉంటే ఆమె వారి కోరిక అడుగుతుంది. తోటరాముడు అడిగితే మేడ కడుతుంది. మాంత్రికుడు అడిగితే అదే మేడను, అందులోని రాజకుమారితో సహా, ఎత్తుకుపోతుంది. మొదట వరం పొందినవాడు మంచివాడన్న సంగతి ఆమెకు పట్టదు. గిరిజ ఆ పాత్రను ధరించిన తీరులో కూడా కరుణ గాని క్రోధం గాని లేవు. ఆజ్ఞ కోసం వేచి ఉండే నిర్వికారత మాత్రమే ఉంది.

బలి విషయంలోనూ ఇంతే. సాహసవంతుడైన యువకుణ్ణి సమర్పించాలన్నది నియమం. ఆ స్థానంలో మాంత్రికుడి తల తెగిపడినా భైరవి అభ్యంతరం చెప్పదు. సాహసం, విద్య, పట్టుదల కొలమానాలైతే ఆ గుహలో అర్హుడు మాంత్రికుడేనని ఆమె భావించిందేమో!

దేవత నిష్పక్షపాతంగా ఉన్నప్పుడు కథ ఫలితాన్ని మనుషులే నిర్ణయించాలి. చిత్రం రెండో భాగానికి బలం ఇక్కడి నుంచే వస్తుంది. సదాజపుడు సంజీవనితో గురువును బతికిస్తాడు. రాజశ్యాలకుడు సూరసేనుణ్ణి సాధనంగా చేసుకుని మాంత్రికుడు విగ్రహాన్ని కాజేస్తాడు. మేడ, హోదా, కాబోయే భార్య ఒక్కసారిగా పోయి, తోటరాముడు మళ్లీ మొదటి గుడిసెకు వస్తాడు. మాయ ఇచ్చినదంతా మాయతోనే పోయింది. ఇక అతనికి మిగిలినవి తన ఒళ్లు, తన తెగువ, అంజి తోడు. ప్రేక్షకుడికి అతనిపై గురి కుదిరేది ఈ ఘట్టంలోనే. మేడలో పట్టుబట్టలతో ఉన్న రాముడి కంటే, పోగొట్టుకున్నదాన్ని వెతుక్కుంటూ బయలుదేరిన రాముడు మనకు ఆప్తుడు.

చివరకు మాంత్రికుణ్ణి దెబ్బతీసిన ఆయుధం కూడా ఏ దివ్యాస్త్రమూ కాదు. సదాజపుడి వేషంలో వెళ్లిన అంజి, గడ్డం తీసేస్తే రాజకుమారి మెచ్చుతుందని మాంత్రికుణ్ణి నమ్మిస్తాడు. ఆ గడ్డంతోనే అతని శక్తీ పోతుంది. లోకాలను వశం చేసుకోజూసిన సాధకుడు ఒక ఆడపిల్ల మెప్పు కోసం క్షవరానికి తలవంచడం వట్టి హాస్యఘట్టం కాదు. అతడిని ఓడించింది అతని కోరికే. కోరిక తీర్చే విగ్రహం చుట్టూ అల్లిన కథలో కోరికే బలహీనత అయ్యింది.

రాజపుత్రుడు కాని నాయకుడు

పాశ్చాత్య సాహసచిత్రాలలో నాయకుడి పుట్టుక తరచు ఒక చిక్కుముడి. 1938 నాటి రాబిన్ హుడ్ చిత్రంలో ఎరోల్ ఫ్లిన్ పోషించిన నాయకుడు పేదల పక్షాన పోరాడినా పుట్టుకతో ప్రభువర్గీయుడే. అతని పోరాటం అసలైన రాజు తిరిగి రావడంతో ముగుస్తుంది. డగ్లస్ ఫెయిర్‌బాంక్స్ నటించిన ‘ది థీఫ్ ఆఫ్ బాగ్దాద్’ (1924)లోని దొంగ ఈ విషయంలో తోటరాముడికి దగ్గరివాడు. మన జానపద చిత్రాలలోనూ పేదింట పెరిగిన కుర్రవాడు చివరకు రాజకుమారుడని తేలడం పరిచితమైన మలుపు. ‘గులేబకావళి కథ’ (1962) ఇందుకు ఉదాహరణ. ఆ మలుపు వచ్చినప్పుడు అతని సాహసం అతనిది కాకుండా పోతుంది. అది వంశానిదని కథే చెప్పేస్తుంది.

తోటరాముడి విషయంలో ఆ రహస్యం లేదు. అతడు తోటమాలి కొడుకు. చివరి దృశ్యంలోనూ తోటమాలి కొడుకే. సురభి కమలాబాయి పోషించిన తల్లి పాత్ర ఈ సంగతిని ప్రేక్షకుడు మరచిపోకుండా చూస్తుంది. కొడుకు సాహసాలకు ఆమె గర్వించదు, భయపడుతుంది. ఆ భయమే కథకు నేల.

కాలసందర్భాన్ని కూడా గమనించాలి. మద్రాసు రాష్ట్రంలో జమీందారీల రద్దు చట్టం 1948లో వచ్చింది. చిత్రం విడుదలైన నాటికి తెలంగాణలో సాయుధ పోరాటం ఇంకా ముగియలేదు. వయోజనులందరికీ ఓటు హక్కుతో తొలి సార్వత్రిక ఎన్నికలు ఆ ఏడాది చివర మొదలయ్యాయి. సంస్థానాధీశుల ప్రాభవం కళ్లముందే కరిగిపోతున్న రోజులలో, తోటమాలి కొడుకు రాజు ఎదుట నిలబడి అతని కూతురిని కోరడం కేవలం అద్భుతకథగా తోచి ఉండదని ఊహించవచ్చు. అయితే 1983లో ఎన్.టి. రామారావు ముఖ్యమంత్రి అయిన సంగతిని ముందుపెట్టుకుని ఈ చిత్రాన్ని వెనక్కు చదివే ధోరణితో ఏకీభవించడం కష్టం. 1951లో ఆయన అప్పుడప్పుడే నిలదొక్కుకుంటున్న నటుడు. ప్రేక్షకుడు చూసింది భావినాయకుణ్ణి కాదు, ‘పల్లెటూరి పిల్ల’, ‘షావుకారు’లలో (1950) అంతకుముందే పరిచయమైన ఒక యువకుణ్ణి.

చిత్రం ఎంత దూరం వెళ్లిందో, ఎక్కడ ఆగిందో కూడా చెప్పాలి. రాజు పెట్టిన షరతు ‘మాతో సమానమైన సంపద తెచ్చుకో’ అన్నది. ఆ షరతు న్యాయమైనదా అని తోటరాముడు ప్రశ్నించడు, తీర్చడానికి బయలుదేరతాడు. అంతరం పుట్టుకలో లేదు, డబ్బులోనే ఉందని ఇరుపక్షాలూ ఒప్పుకున్నట్లయింది. కులం మాట ఎత్తకుండా అంతరాన్ని చూపడానికి అది అనువైన మార్గం. అందులో కొంత తప్పించుకోవడమూ ఉంది.

మాలతి పోషించిన ఇందుమతి పాత్రకు కూడా మూలకథలో ఉన్నంత చొరవ దక్కలేదు. అల్లావుద్దీన్ కథలో మాంత్రికుడికి మందు కలిపిన పానీయం స్వయంగా ఇచ్చేది రాజకుమారి. ఇక్కడ యుక్తి పన్నడం అంజి వంతయ్యింది. ఇందుమతికి ప్రధానంగా మిగిలింది లొంగకుండా నిలవడం. ఇది పింగళి చేసిన మార్పులలో కథకు నష్టం కలిగించినదని నా అభిప్రాయం.

ప్రతినాయకుడి భాష

నటనను పక్కనబెట్టి వాచికాన్ని మాత్రమే పరిశీలించినా ఈ చిత్రంలో రెండు తెలుగులు వినిపిస్తాయి. తోటరాముడు, అతని తల్లి, అంజి మాట్లాడేది ఇంటి తెలుగు. మాంత్రికుడిది సంస్కృత పదాలు, గ్రాంథిక క్రియలు కలగలిసిన మాట. వ్యావహారిక భాషావాదం పత్రికలలో, కథలలో నిలదొక్కుకున్నాక వచ్చిన చిత్రమిది. గ్రాంథికాన్ని రాజు నోట పెట్టి గౌరవించడమో, పండితుడి నోట పెట్టి పరిహసించడమో జరిగే కాలంలో, పింగళి దాన్ని మాంత్రికుడి నోట పెట్టి భయానికీ నవ్వుకూ మధ్య నిలిపారు. ఆ మాట వింటే మొదట జంకు పుడుతుంది, మరుక్షణం అనుకరించాలనిపిస్తుంది. పిల్లలు నాయకుడి సంభాషణల కంటే ప్రతినాయకుడి సంభాషణలను ఎక్కువగా అప్పజెప్పడం ఇందువల్లనే.

ప్రేమకు ‘ఘాటు’ అనే విశేషణం చేర్చడంలోనూ ఇదే రచయిత సాహసం కనిపిస్తుంది. మిరపకాయకు, నశ్యానికి వాడే మాటను శృంగారగీతంలోకి తెచ్చినందుకు విమర్శలు వచ్చాయి. విమర్శ చల్లారింది, మాట నిలిచింది.

రంగారావు ఆ వాచికానికి తగిన శరీరాన్ని ఇచ్చారు. ‘షావుకారు’లో సున్నపు రంగడుగా కనిపించిన నటుడేనా ఇతడు అనిపించేటంతటి మార్పు అది. పదాన్ని విరిచి, చివరి అచ్చును సాగదీసి, కళ్లను ఆ సాగతీతతో పాటు కదిలించడం వల్ల అర్థం తెలియని మాట కూడా శ్రోతకు తెలిసినట్టే ఉంటుంది. ‘డింభకుడు’ అంటే శిశువు, పసివాడు. నిఘంటువులో మరుగునపడి ఉండవలసిన ఈ సంస్కృత పదాన్ని సంబోధనగా మార్చి మాంత్రికుడు తోటరాముణ్ణి పిలిచాడు. నేడు చిత్రం చూడనివారు కూడా స్నేహితుణ్ణి ఆటపట్టించడానికి ‘డింభకా’ అంటారు. ఆ మాట ఎక్కడిదని అడిగితే చాలామంది చెప్పలేరు గాని, ఏ గొంతుతో పలకాలో మాత్రం అందరికీ తెలుసు.