పట్టాను బట్టి మారే చిప్

భిలాయి ఉక్కు కర్మాగారంలోని యూనివర్సల్ రైల్ మిల్లులో ఒక్కో రైలు పట్టా 130 మీటర్ల పొడవున తయారవుతుంది. రెండేసి పట్టాలను అతికి 260 మీటర్ల ప్యానెళ్లుగా రైల్వేకు పంపుతారు. పైకి నున్నగా కనిపించే పట్టా లోపల చిన్న పగులు దాగి ఉంటే, బండ్ల బరువుకు అది మెల్లగా పెరిగి ఒకనాడు పట్టానే విరిచేస్తుంది. అందుకే మిల్లు దాటకముందే పట్టాలకు అల్ట్రాసోనిక్ పరీక్ష చేస్తారు.

ఉక్కులో ధ్వని సెకనుకు దాదాపు 5,900 మీటర్లు పోతుంది. మీటరుకు 60 కిలోలు తూగే పట్టా ఎత్తు 172 మిల్లీమీటర్లు. తల నుంచి పాదం దాకా వెళ్లి ప్రతిధ్వని తిరిగి రావడానికి పట్టేది 58 మైక్రోసెకన్లే. సెకనుకు 5 కోట్ల నమూనాలు తీసుకుంటే ఆ కాస్త సమయంలోనే 2,900 అంకెలు వచ్చిపడతాయి. అదీ ఒక్క ప్రోబు నుంచి! మామూలు ప్రాసెసర్ ఈ లెక్కలను చాలావరకు ఒకదాని తర్వాత ఒకటిగా చేస్తుంది. ఎఫ్‌పీజీఏ అనే చిప్‌లో ప్రోబుకొక సర్క్యూట్ అమర్చుకోవచ్చు. అన్నీ ఒకేసారి పనిచేస్తాయి.

ఎఫ్‌పీజీఏ ప్రత్యేకత ఏమిటంటే, తయారై వచ్చాక కూడా దాని లోపలి సర్క్యూట్‌ను మార్చుకోవచ్చు. 1985లో జైలింక్స్ తెచ్చిన మొదటి ఎఫ్‌పీజీఏలో ఉన్నవి 64 లాజిక్ బ్లాకులు. నేటి పెద్ద చిప్‌లలో అవి లక్షల్లో ఉంటాయి. అన్నింటినీ వెరిలాగ్ వంటి భాషల్లో చేత్తో రాసుకుంటూ పోతే తప్పు ఎక్కడ దొర్లిందో పట్టుకోవడమే పెద్ద పని.

అందుకే మోడల్ ఆధారిత డిజైన్ వచ్చింది. పట్టా పరీక్షకు చిప్ కావాలనుకుందాం. ఇంజినీరు ముందు తీగల జోలికి పోడు. ప్రతిధ్వని ఎటు వస్తుంది, ఏ వడపోత దాటాలి, జవాబు ఎన్ని మైక్రోసెకన్లలో రావాలి అన్నది బొమ్మల రూపంలో గీస్తాడు. ఇలాంటి గడువులను మోడల్‌లో రాసుకునేందుకు 2009లో ‘మార్టె’ అనే ప్రమాణం కూడా వెలువడింది. సర్క్యూట్ కోడ్‌ను ఆ మోడల్ నుంచే సాఫ్ట్‌వేర్ పుట్టిస్తుంది. 60 కిలోల పట్టా బదులు 52 కిలోల పట్టా వస్తే, చిప్‌లో సంబంధిత భాగాన్ని మాత్రమే మార్చి, మిగతాది నడుస్తూండగా ఉంచవచ్చు.

అసలు లాభం సిమ్యులేషన్‌లో తెలుస్తుంది. అంకెలకు 16 బిట్లకు బదులు 12 బిట్లు చాలనుకుంటే చిప్‌లో చోటు మిగులుతుంది; కానీ సన్నని పగులు పంపే బలహీన ప్రతిధ్వని ఆ కోతలో మాయం కావచ్చు. కావాలని రంధ్రాలు చేసిన నమూనా పట్టా సంకేతాలను మోడల్‌కూ, దాని నుంచి పుట్టిన సర్క్యూట్‌కూ ఇచ్చి జవాబులు పోల్చితే ఆ సంగతి ముందే బయటపడుతుంది.

అయితే మోడల్‌లో లేనిది చిప్‌లోకి రాదు. ప్రోబుకూ పట్టాకూ మధ్య నీటి పొరలో గాలి బుడగ చేరితే ధ్వని ఉక్కులోకే వెళ్లదు. పగులు నుంచి ప్రతిధ్వని రాలేదు కాబట్టి పట్టా మంచిదేనని చిప్ తేల్చేస్తుంది. పాదం నుంచి రావలసిన ప్రతిధ్వని కూడా లేకపోతే ‘మంచిది’ అనకుండా ‘మళ్లీ పరీక్షించు’ అనే బ్లాకును మోడల్‌లో చేర్చాల్సింది పట్టాల సంగతి తెలిసిన మనిషే.