దాగుకొన్న బిడ్డను పిలుద్దాము

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పట్టణాలలో, చుట్టుపక్కల పల్లెలలో ఈ వర్తమానము వింటున్న తలిదండ్రులతో ఈ పూట మన పిల్లల చేతిలోని ఫోను గురించి మాట్లాడాలని ఆశిస్తున్నాను.

మన జిల్లా నుండి ఎందరో తల్లులు, తండ్రులు బ్రతుకుదెరువు కోసం కువైట్ వెళ్లారు. అమ్మ ముఖము చూడాలంటే బిడ్డకు ఫోనే దిక్కు. 2020లో కరోనా వచ్చి బడులు మూతపడినప్పుడు పాఠాలు కూడా ఫోనులోకే వచ్చాయి. కాబట్టి ఫోను లాక్కోండి అని చెప్పడము తేలికే గాని, అన్ని ఇళ్లలో అది జరిగే పని కాదు.

ఒక ఇంటిని తలంచుకోండి. తల్లి కువైట్‌లో ఉంది. పదవ తరగతి చదివే కుమారుడు అవ్వ దగ్గర ఉన్నాడు. ఒక రాత్రి ఇన్‌స్టాగ్రామ్‌లో ఎవరో అమ్మాయి పేరుతో పలకరింపు వచ్చింది. రెండు రోజులు తీపి మాటలు. మూడవ రోజు వీడియో కాల్, బట్టలు తీయమని ప్రేరేపణ. అవతల కనబడేది మోసగాళ్లు ముందే తీసి పెట్టుకున్న వీడియో. ఇవతల పిల్లవాడి రూపము రికార్డు అయిపోతుంది. వెంటనే బెదిరింపు మొదలవుతుంది: డబ్బు పంపు, లేకపోతే మీ అమ్మకు, మీ బడివాళ్లకు పంపుతాము. ఆడపిల్లలనైతే ఇంకా ఫోటోలు పంపమని పీడిస్తారు. ఈ రోజుల్లో మామూలు ఫోటోను కూడా కంప్యూటరుతో అసభ్యముగా మార్చగలరు గనుక, ఏమీ పంపని బిడ్డకు కూడా ఈ ఆపద రావచ్చును.

ఆ దొంగ బలమంతా ఎక్కడున్నది? బిడ్డ ఇంట్లో చెప్పుకోలేడన్న ధైర్యములో ఉన్నది. నాయనకు తెలిస్తే చంపేస్తాడు, పరువు పోతుంది అని బిడ్డ నోరు మూసుకుంటాడు. ఒకసారి డబ్బు పంపితే మళ్లీ అడుగుతారు. ఈ వేదన తాళలేక ప్రాణము తీసుకున్న పిల్లలు అనేక దేశాలలో ఉన్నారు.

ఆదికాండము మూడవ అధ్యాయము జ్ఞాపకము చేసుకోండి. ఆదాము సిగ్గుతో, భయముతో చెట్ల మధ్య దాగుకొన్నాడు. దేవుడు తోటలోకి వచ్చి అతణ్ణి పిలిచి, ఎక్కడున్నాడో అడిగాడు. తప్పును తప్పు కాదనలేదు. అయినా ఆ అధ్యాయము ముగియకముందే చర్మముతో వస్త్రాలు చేసి వారి సిగ్గును తానే కప్పాడు. ఆదాము విషయములోనే ఆయన అలా చేస్తే, మోసపోయిన మన బిడ్డను మనమెలా ఆదరించాలి?

కాబట్టి ఈ రాత్రే మీ బిడ్డతో చెప్పండి: "నాయనా, ఫోనులో ఎవరైనా నిన్ను బెదిరిస్తే, నువ్వు ఏమి చేసివున్నా సరే, ముందు నా దగ్గరికి రా. నేను కొట్టను. ఇద్దరము కలిసి చూసుకుందాము." కువైట్‌లో ఉన్న అమ్మలారా, మీరు ఫోనులోనే చెప్పండి. అవ్వ, తాతలకు కూడా చెప్పి ఉంచండి. ఆపద రాకముందు ఇచ్చిన మాటే ఆపదలో బిడ్డను మీ దగ్గరకు నడిపిస్తుంది.

రాత్రి పడుకునేముందు ఇంట్లోని ఫోనులన్నీ, పెద్దలవి కూడా, ఒకేచోట పెట్టండి. ఇన్‌స్టాగ్రామ్ 2025లో మన దేశములో కూడా పద్దెనిమిదేండ్ల లోపు వారికి టీన్ అకౌంట్ తెచ్చింది. అందులో పరిచయము లేనివారు సందేశాలు పంపకుండా అడ్డు ఉంటుంది. అయితే వయస్సు ఎక్కువ వేసుకుంటే ఆ అడ్డు పనిచేయకపోవచ్చు. బిడ్డ ప్రక్కన కూర్చుని పుట్టిన తేదీ సరిచూడండి.

ఇప్పటికే బెదిరింపు వచ్చి ఉంటే డబ్బు పంపవద్దు. భయపడి అన్నీ చెరిపివేయవద్దు. బెదిరించిన మాటలు, ఖాతా పేరు, డబ్బు అడిగిన నంబరు స్క్రీన్‌షాట్ తీసి, తరువాత వారిని బ్లాక్ చేయండి. డబ్బు పోయి ఉంటే ఆలస్యము లేకుండా 1930కి ఫోను చేయండి. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు వ్రాయవచ్చు. పిల్లల సహాయానికి 1098 ఉంది. 2023లో మొదలైన టేక్ ఇట్ డౌన్ అనే ఉచిత సేవ పద్దెనిమిదేండ్ల లోపు వారి నగ్న చిత్రాలను, అందులో చేరిన వెబ్‌సైట్లు, యాప్‌లు గుర్తించి తొలగించడానికి తోడ్పడుతుంది. దానికి ఆ చిత్రాన్ని ఎవరికీ పంపనక్కరలేదు.

స్టేషను మెట్లెక్కాలంటే భయమా? 2012 నాటి పోక్సో చట్టము ప్రకారము బిడ్డ వాంగ్మూలము ఇంటి దగ్గరే తీసుకోవచ్చు. అధికారి యూనిఫారములో రాకూడదు. బిడ్డ పేరు పత్రికలలో బయటపెట్టకూడదు. బిడ్డపై నేరము జరిగిందని తెలిసినవారు, పాస్టరైనా సరే, పోలీసులకు తెలుపవలసినదే.

సంఘ పెద్దలారా, ఒక మనవి. ఇటువంటి కుటుంబము మీ దగ్గరకు వస్తే, ఆ సంగతిని ఆరాధనలో ప్రార్థన మనవిగా చదవవద్దు. మోసగాడు చేస్తానని బెదిరించిన పనిని మనమే చేసినట్లవుతుంది. తలుపు వేసుకుని ప్రార్థించండి, తరువాత వారికి తోడుగా వెళ్లండి.

పరలోకమందున్న మా తండ్రీ, భయముతో దాగుకొన్న బిడ్డలను వెదకే మనస్సు మాకు దయచేయుము. వారి సిగ్గును కప్పే చేతులను మాకిమ్ము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.