వాహన ద్రవ ట్యాంకుల రూపకల్పన: పేటెంటుకు అర్హమైన కొత్తదనం ఏది?

ట్రాక్టరు హైడ్రాలిక్ ట్యాంకు పని నూనెను నిల్వ ఉంచడంతో ముగియదు. పరికరాలను నడిపి తిరిగి వచ్చిన నూనె అందులో చల్లబడాలి. గాలి బుడగలు పైకి పోవాలి. మలినాలు అడుగుకు చేరాలి. అందుకే నూనె తిరిగి వచ్చే గొట్టానికి, పంపు పీల్చుకునే గొట్టానికి మధ్య అడ్డుపలకను అమర్చడం వాడుకలో ఉంది. ఆ పలక స్థానాన్ని మార్చి, నూనె మట్టాన్ని తెలిపే సూచికను జోడించి పేటెంటు కోరితే మొదట తలెత్తే ప్రశ్న ఇది: ఆ రంగంలో నైపుణ్యం గల వ్యక్తికి ఈ మార్పు సులభంగా తోచేదేనా?

భారత పేటెంట్ల చట్టం, 1970లోని సెక్షన్ 2(1)(జెఎ) ప్రకారం ఆవిష్కరణలో పూర్వజ్ఞానాన్ని మించిన సాంకేతిక పురోగతి గానీ, ఆర్థిక ప్రాముఖ్యం గానీ, రెండూ గానీ ఉండాలి. అంతేగాక అది నిపుణునికి సులభంగా తోచేది కాకూడదు. తెలిసిన పరికరాలను కలిపినా, వేటి పని అవి మునుపటిలాగే విడివిడిగా చేస్తుంటే సెక్షన్ 3(ఎఫ్) దానిని ఆవిష్కరణగా అంగీకరించదు. పలక నురగను తగ్గించడం, సూచిక మట్టాన్ని చూపడం మాత్రమే జరిగితే ఆ ట్యాంకు ఈ కోవలోకే వస్తుంది.

ఇటువంటి వివాదాల పరిశీలనకు అమెరికా సుప్రీంకోర్టు 1966లో ఒక క్రమాన్ని ఏర్పరచింది. గ్రాహంకు, జాన్ డీర్ కంపెనీకి మధ్య నడిచిన ఆ వ్యాజ్యం రాతి నేలలను దున్నే నాగలి బిగింపునకు సంబంధించినది. పాత నమూనాలో కీలు పలకకు పైన ఉన్న నాగలి కాడను కొత్త నమూనాలో కిందికి మార్చారు. పూర్వజ్ఞానం ఏమిటి, దానికీ కొత్త నమూనాకూ తేడా ఏమిటి, ఆ రంగంలో సాధారణ నైపుణ్యం ఏ స్థాయిది అనే మూడు అంశాలను పరిశీలించి, కోర్టు ఆ పేటెంటు చెల్లదని తీర్పునిచ్చింది. పురుగుమందు సీసా కారకుండా రూపొందించిన పిచికారీ మూత పేటెంటు కూడా అదే తీర్పులో వీగిపోయింది. చిరకాల అవసరం, అమ్మకాల్లో విజయం వంటివి సహాయక ఆధారాలే గాని, అవి మాత్రమే దానిని నిలబెట్టలేకపోయాయి.

అదే రోజు ఆడమ్స్ బ్యాటరీ పేటెంటును కోర్టు సమర్థించింది. మెగ్నీషియం, క్యూప్రస్ క్లోరైడు అంతకుముందే తెలిసినవైనా, నీరు పోయగానే పనిచేసే ఆ బ్యాటరీ ఫలితాన్ని నిపుణులు ముందుగా ఊహించలేకపోయారు. మొదట నమ్మలేదు కూడా.

ట్యాంకుల రూపకర్తలకు ఇందులో స్పష్టమైన మార్గదర్శనం ఉంది. ఆకారం మారిందని చెప్పడం చాలదు. ఆ మార్పు వల్ల ఊహించని ఫలితం వచ్చిందని చూపాలి. ఒకే నూనె, ఒకే ఉష్ణోగ్రత, ఒకే వాలు వద్ద పాత, కొత్త ట్యాంకులను పరీక్షించి, పంపులోకి చేరే గాలిని కొలిచి, తేదీలతో నమోదు చేయాలి. దరఖాస్తుకు ముందే పాత పేటెంట్లను, విపణిలోని నమూనాలను వెతకాలి.

బలహీనమైన పేటెంటు ఇరుపక్షాలకూ నష్టమే. సెక్షన్ 25 ప్రకారం దరఖాస్తు ప్రచురితమైన తరువాత, పేటెంటు మంజూరుకు ముందు ఎవరైనా అభ్యంతరం తెలపవచ్చు. మంజూరు ప్రచురణ తరువాత 1 సంవత్సరం లోపు సంబంధిత వ్యక్తులు వ్యతిరేకించవచ్చు. తాము ఎప్పటి నుంచో తయారు చేస్తున్న ట్యాంకుపై మరొకరు హక్కు కోరినప్పుడు చిన్న వర్క్‌షాపులకు ఈ అవకాశమే రక్షణ. అందుకు పాత డ్రాయింగులు, తేదీలున్న అమ్మకపు బిల్లులు భద్రపరచుకొనుట అవసరం.