రద్దయింది కుస్తీ జట్టు, నింద మాత్రం ఆడపిల్లల మీద

అమెరికాలోని దక్షిణ కెరొలినా రాష్ట్రంలో క్లెంసన్ యూనివర్సిటీ ఉంది. దాని కుస్తీ జట్టు రెండు దశాబ్దాల పాటు నడిచింది. 1995లో యాజమాన్యం ఆ జట్టును రద్దు చేసింది. గెలిచేవాళ్లు లేక కాదు. అంతకు ఏడాది ముందే, 1994లో, ఆ జట్టు రెజ్లర్ శామీ హెన్సన్ వరుసగా రెండోసారి జాతీయ కాలేజీ చాంపియన్ అయ్యాడు.

హెన్సన్‌ది 118 పౌండ్ల విభాగం. అంటే 54 కిలోల లోపు మనిషి. తన కాలేజీలో కుస్తీ ఆగిపోయిన మూడేళ్లకు, 1998లో, టెహరాన్‌లో ప్రపంచ చాంపియన్ అయ్యాడు. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో రజతం తెచ్చాడు. అతనికంటే ముందు నోయెల్ లోబన్ ఉన్నాడు. 1980లో 190 పౌండ్ల విభాగంలో క్లెంసన్‌కు జాతీయ టైటిల్ సాధించి, 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో బ్రిటన్ తరఫున కాంస్యం గెలిచాడు. ఇలాంటివాళ్లను తయారుచేసిన జట్టు ఎందుకు పోయింది?

అమెరికాలో ఈ ప్రశ్నకు తయారుగా ఉండే జవాబు ఒకటుంది: 'టైటిల్ నైన్ వల్ల, ఆడవాళ్ల కోటా వల్ల.'

టైటిల్ నైన్ 1972 నాటి చట్టం. ప్రభుత్వ నిధులు తీసుకునే విద్యాసంస్థలో స్త్రీపురుష వివక్ష ఉండకూడదంటుంది. అది రాకముందు దేశం మొత్తం మీద హైస్కూలు స్థాయిలో ఆటలాడే అమ్మాయిలు 3 లక్షల లోపే. ఇప్పుడు 30 లక్షలు దాటారు. ఆటల్లో ఈ చట్టాన్ని పాటిస్తున్నట్టు చూపడానికి 1979లో మూడు దారులు పెట్టారు. విద్యార్థుల్లో అమ్మాయిల శాతానికి తగ్గట్టు క్రీడాకారుల్లోనూ వాళ్లుండాలి. లేదా వాళ్లకు అవకాశాలు పెంచుతూ వస్తున్నట్టు చూపాలి. లేదా వాళ్ల ఆసక్తికి తగిన అవకాశం పూర్తిగా ఇచ్చామని నిరూపించాలి. మూడింటిలో ఏ ఒక్కటైనా చాలు. మగవాళ్ల జట్టును మూసేయమని ఎక్కడా లేదు.

క్లెంసన్‌లో మహిళల సాకర్ జట్టు 1994లో మొదలైంది. మరుసటి ఏడాది కుస్తీ పోయింది. ఈ రెండు తేదీలు పక్కపక్కన పెట్టి 'వాళ్లు వచ్చారు, మేం పోయాం' అనడం చాలా తేలిక. కానీ మూడో లెక్క ఒకటుంది. అమెరికన్ ఫుట్‌బాల్ పెద్ద జట్టుకు అప్పట్లో 85 మంది దాకా పూర్తి స్కాలర్‌షిప్పులు ఇవ్వొచ్చు. కుస్తీ జట్టు మొత్తానికి కలిపి గరిష్ఠంగా 9.9. ఫుట్‌బాల్‌లో పది తగ్గిస్తే ఒక కుస్తీ జట్టు బతుకుతుంది. ఆ 85ను ముట్టుకునే ధైర్యం యాజమాన్యాలకు లేదు. కొత్తగా వచ్చిన అమ్మాయిలను చూపించడానికి ధైర్యం అక్కర్లేదు.

దీనికి రుజువు కూడా ఉంది. 1984లో ఒక సుప్రీంకోర్టు తీర్పు వల్ల నాలుగేళ్లపాటు కాలేజీ ఆటలకు టైటిల్ నైన్ దాదాపు వర్తించలేదు. ఆ చట్టమే కారణమైతే ఆ కాలంలో కుస్తీ జట్లు నిలబడాలి. ఆ నాలుగేళ్లలోనే 50కి పైగా రద్దయ్యాయి. అయినా కుస్తీ కోచ్‌ల జాతీయ సంఘం 2002లో కోర్టుకెక్కింది, చట్టం అమలు తీరు మీద. కేసు కొట్టేశారు. 2004లో అప్పీలు కోర్టూ అదే మాట చెప్పింది.

క్లెంసన్ నేల చరిత్ర కూడా చెప్పుకోవాలి. బానిసత్వం మేలేనని సెనేట్‌లో వాదించిన జాన్ కాల్హౌన్ తోటలో ఈ యూనివర్సిటీ కట్టారు. కట్టడానికి ఖైదీలతో చాకిరీ చేయించారు, వాళ్లలో అత్యధికులు నల్లజాతివాళ్లు. 1963లో హార్వే గాంట్ కోర్టు ఉత్తర్వుతో అడుగుపెట్టేదాకా అక్కడ నల్లజాతి విద్యార్థి లేడు. అలాంటి చోట ఏ ఆట ఉండాలి, ఏది పోవాలి అన్నది ఉత్త బడ్జెట్ విషయం కాదు.

ఇది 2020లో మళ్లీ బయటపడింది. ఆ నవంబరులో క్లెంసన్ మగవాళ్ల అథ్లెటిక్స్ జట్టును మూసేస్తామని ప్రకటించింది. ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ తప్పిస్తే నల్లజాతి కుర్రాళ్లకు ఆ యూనివర్సిటీలో ఉన్న ముఖ్యమైన దారి అదే. ఈసారి వాళ్లు అమ్మాయిలను తిట్టలేదు. మగ అథ్లెట్లూ, తమకూ సమాన వాటా రావడం లేదన్న మహిళా క్రీడాకారులూ ఒకే వైపు నిలబడ్డారు. టైటిల్ నైన్ కింద కేసు వేస్తామన్నారు. 2021 ఏప్రిల్‌లో యాజమాన్యం దిగొచ్చింది. మగవాళ్ల జట్టు తిరిగొచ్చింది, మహిళలకు కొత్త ఆటలూ వచ్చాయి. పాతికేళ్లు శత్రువని చెప్పిన చట్టమే వాళ్ల జట్టును కాపాడింది.

'వాళ్ల కోటా వల్ల మా సీటు పోయింది' అన్న మాట మనకు కొత్తదా? తెలుగు రాష్ట్రాల ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీల్లో 30 శాతం సీట్లు యాజమాన్య కోటా. మిగిలిన 70 శాతంలోనే ఎస్సీలకు 15 శాతం. సీటు రాని కుర్రాడి కోపం డబ్బుతో అమ్ముడుపోయే ఆ 30 వైపు పోదు. పక్క బెంచీలోని దళిత విద్యార్థి మీదికే పోతుంది. కారణం కూడా క్లెంసన్‌లో ఉన్నదే. పెద్ద వాటా పాతది కాబట్టి కంటికి ఆనదు. చిన్న వాటా కొత్తది కాబట్టి దొంగతనంలా కనిపిస్తుంది.

హెన్సన్, లోబన్‌ల జట్టు ఈ రోజుకీ తిరిగి రాలేదు. అమ్మాయిల కుస్తీ మాత్రం అమెరికాలో పెరిగింది. దాన్ని జాతీయ కాలేజీ చాంపియన్‌షిప్ ఆటగా 2025 జనవరిలో ఆమోదించారు. కుస్తీని చంపారన్న నింద మోసినవాళ్లే ఇప్పుడు దాన్ని నిలబెడుతున్నారు.

మన క్యాంపస్‌లలో హాస్టలో, ఫెలోషిప్పో, కోర్సో మూసేసినప్పుడు ముందు అడగాల్సింది కొత్తగా ఎవరొచ్చారని కాదు. ముట్టుకోకుండా వదిలేసిన పద్దు ఏది? అది ఎవరిది?