గోండీ వాచకాలు

గోండీ వాచకాలు ఆదిలాబాదు ప్రాంతపు గోండు బాలబాలికలకు మాతృభాషలో తొలి చదువు నేర్పడానికి రూపొందించిన పుస్తకాలు. భాషాభేదం లోపం కాదని చిన్ననాడే తెలిపే పుస్తకాలకు ఇవి మంచి ఉదాహరణ.

చరిత్ర

1940లో కొమరం భీమ్ మరణానంతరం గోండుల స్థితిగతులను అధ్యయనం చేయడానికి నిజాం ప్రభుత్వం మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్‌ను నియమించింది. ఆయన చొరవతో 1943లో ఉట్నూరు ప్రాంతంలోని మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం ఏర్పడింది. దేవనాగరి లిపిలో గోండీ వాచకాలు వెలువడ్డాయి. 2004లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బహుభాషా విద్యా పథకాన్ని ఆరంభించి, గోండీ, కొలామీ, లంబాడీ సహా 8 గిరిజన భాషలలో తెలుగు లిపితో పుస్తకాలు తెచ్చింది.

ప్రాముఖ్యత

తొలి పుస్తకం అర్థం కాని భాషలో ఉంటే తెలివైన పిల్లవాడు కూడా మందమతిగా కనబడతాడు. తోటి పిల్లలు అదే నిజమని నమ్ముతారు. బడి మానివేయడానికి ఇది ఒక ముఖ్య కారణం. నీటిని గోండీలో ఏర్ అనీ, కొలామీలో ఈర్ అనీ అంటారు. తెలుగు 'నీరు' పక్కన ఈ మాటలు అచ్చులో చూసిన పిల్లలకు భేదంతోపాటు బంధుత్వమూ తెలుస్తుంది. కనుక ఇటువంటి పుస్తకాలు గిరిజనేతర బాలలకు కూడా అవసరం.