గుహలో కాపురం ఎవరిది?

రేగొండ మండలంలోని పాండవుల గుట్టలకు పోయినవాళ్లు గుహల్లో ఆదిమానవుల రాతిచిత్రాలు చూసి వస్తారు. అలాంటి గుహ కనబడితే గబ్బిలాల శాస్త్రవేత్త మొదట అడిగే మాట వేరు: ఇందులో ఎవరు కాపురముంటున్నారు?

జవాబు రాత్రిపూట దొరుకుతుంది. పొద్దుగూకే వేళకు గుహ దగ్గరో చెరువు పక్కనో సన్నటి దారాల వల కడతారు. కట్టాక దాన్ని విడిచి పోకూడదు. చిక్కిన గబ్బిలం ఎక్కువసేపు పెనుగులాడితే నీరసించి చనిపోవచ్చు. వెంటనే విడిపించి, గుడ్డసంచిలో తూచి, ముంజేతి పొడవు కొలిచి వదిలేస్తారు. పైకి ఒకేలా కనిపించే జాతుల మధ్య తేడా ఇలాంటి కొలతల్లోనే బయటపడుతుంది. కాటు ప్రమాదం ఉంది కాబట్టి చేతితొడుగులు, ముందుగానే రేబిస్ టీకా తప్పనిసరి.

వలకు దొరకనివాటిని కూతతో గుర్తుపడతారు. మన చెవికి వినిపించేది 20 కిలోహెర్ట్జ్ దాకానే. పురుగులు తినే గబ్బిలాల కూతలు చాలావరకు అంతకు పైనే ఉంటాయి. రాతికో పురుగుకో తగిలి తిరిగొచ్చే ఆ కూతల ప్రతిధ్వనే చీకట్లో వాటికి దారి, తిండి చూపిస్తుంది. బ్యాట్ డిటెక్టర్ అనే పరికరం ఆ కూతను మనకు వినిపించేలా మారుస్తుంది.

ఇంత ఓపిక ఎందుకో కోలార్‌ను చూస్తే తెలుస్తుంది. ఉస్మానియా విశ్వవిద్యాలయం పరిశోధకులు భార్గవి శ్రీనివాసులు, చెల్మల శ్రీనివాసులు కర్ణాటకలోని ఆ జిల్లాలో ఏళ్ల తరబడి పనిచేశారు. 1994లో శాస్త్రలోకానికి పరిచయమైన కోలార్ ఆకుముక్కు గబ్బిలానికి ప్రపంచంలో తెలిసిన చోటు ఇప్పుడు హనుమనహళ్లి గుహ ఒక్కటే. ఉన్నవి కొన్ని వందలైనా లేవు. ఆ ప్రాంతపు రాయిని గ్రానైట్ తవ్వకాలు తొలిచేశాయి. సాధారణంగా ఏడాదికి ఒక్క పిల్లనే కనే జీవి ఇలాంటి దెబ్బ నుంచి త్వరగా తేరుకోలేదు.

పండ్లు తినే గబ్బిలాల సంగతి వేరు: 1972 వన్యప్రాణి చట్టం 2022 సవరణ దాకా వాటిని ఎలుకలతో కలిపి హానికర జీవుల జాబితాలో ఉంచింది. నిజానికి రాత్రి విచ్చుకునే ఇప్పపువ్వుకు పుప్పొడి మోసేది అవే. గింజలను దూరం చేర్చి కొత్త చెట్లు మొలవడానికి తోడ్పడేదీ అవే. ఇప్పపువ్వు ఏరుకొని బతికే కుటుంబాలకు ఈ సాయం కంటికి కనబడదు.

కాబట్టి గుట్టకు పోయినప్పుడు గుహలో మంట పెట్టొద్దు, పటాకులు కాల్చొద్దు. కింద పడ్డ గబ్బిలాన్ని ఉత్తచేతులతో ముట్టొద్దు. పొద్దుగూకాక కాస్త దూరంలో కూర్చొని గుహ వాకిలి వైపు చూడండి. ఎవరి ఇంటికి వచ్చామో అప్పుడు తెలుస్తుంది.