శునకాల దత్తత - యజమానితో పొందిక

శునకాల దత్తత అనగా యజమాని లేని కుక్కను, లేదా యజమాని వదులుకొన్న కుక్కను జంతు సంరక్షణ కేంద్రం నుండి తెచ్చుకొని పెంచుకోవడం. కుక్క స్వభావానికీ, ఇంటివారి కోరికలకూ, వారి జీవన విధానానికీ పొందిక చూడడం ఇందులో ముఖ్యమైన పని. పొందిక కుదరకపోతే కుక్క తిరిగి కేంద్రానికే చేరవచ్చు. స్థలం చాలని కేంద్రాలలో అలా వచ్చిన కుక్కకు ప్రాణాపాయం కూడా ఉంటుంది.

రంగుల పద్ధతి

అమెరికాలో 1866లో స్థాపించబడిన జంతు సంక్షేమ సంస్థ ఏ.ఎస్.పి.సి.ఏ. 2000 దశకంలో "మీట్ యువర్ మ్యాచ్" అనే పద్ధతిని ప్రవేశపెట్టింది. దీనిని జంతు ప్రవర్తనా నిపుణురాలు ఎమిలీ వైస్ రూపొందించారు. ఇందులో దత్తత కోరేవారు ఒక ప్రశ్నావళిని పూరిస్తారు. కుక్క చురుకుదనాన్నీ, చొరవనూ వేరుగా పరీక్షిస్తారు. నెమ్మదైన కుక్కలకు ఊదా రంగు, మధ్యరకం కుక్కలకు నారింజ రంగు, ఎక్కువ వ్యాయామం కావలసిన కుక్కలకు ఆకుపచ్చ రంగు కేటాయిస్తారు. ఇంటివారికి వచ్చిన రంగును బట్టి తగిన కుక్కలను చూపిస్తారు.

చెప్పిన కోరిక, చేసిన ఎంపిక

ప్రశ్నావళిలో వ్రాసినదానికీ, చివరకు ఎంచుకొన్నదానికీ తేడా ఉండవచ్చు. ఇండియానా విశ్వవిద్యాలయానికి చెందిన సమంతా కోహెన్, పీటర్ టాడ్ ఈ విషయంపై చేసిన అధ్యయనం 2020లో ప్రచురితమైంది. ఒక కేంద్రంలో కుక్కలను చూడవచ్చిన 1,229 మంది అభిరుచులను వారు సేకరించారు. వీరిలో 145 మంది దత్తత తీసుకొన్నారు. వయసు, రంగు, పరిమాణం, స్నేహశీలత వంటి 13 లక్షణాలను పరిశీలించారు. స్నేహశీలత ముఖ్యమని ఎక్కువమంది చెప్పారు. కాని ఎంపికలో వయసు, ఆటలపై ఆసక్తి వంటి కొద్ది లక్షణాలే ప్రభావం చూపాయి. రంగు, జాతి శుద్ధత ప్రభావం స్వల్పమే. పెళ్ళిచూపులకు ముందు చెప్పిన కోరికలు ఒకటి, చూసిన తరువాత నచ్చిన సంబంధం మరొకటి అయినట్లే ఇదీను.

తేడాకు కారణాలు

* స్నేహశీలత, తెలివి వంటి మాటలకు అందరూ ఒకే అర్థం చెప్పుకోరు. ఒకరికి ముచ్చటగా తోచిన గెంతులాట మరొకరికి అల్లరిగా తోస్తుంది.
* కేంద్రంలోని అరుపులు, కొత్త మనుషుల వలన కుక్క బెదిరి ఉండవచ్చు. దాని అసలు స్వభావం అక్కడ పూర్తిగా కనబడదు.
* జాతిని చూసి స్వభావాన్ని ఊహించడం నమ్మదగినది కాదు. కుక్కల ప్రవర్తనలోని తేడాలలో జాతి వలన కలిగేవి సుమారు 9 శాతమేనని 2022లో "సైన్స్" పత్రికలో వచ్చిన పరిశోధన తెలిపింది.

ఆచరణలో

కనుక కోరికల జాబితా ఒక్కటే చాలదు. మొదటి పరిచయం జరిగే తీరు కూడా ముఖ్యమే. సందర్శకుని దగ్గర పడుకొన్న కుక్కలు, ఆటకు పిలిచినపుడు స్పందించిన కుక్కలు ఎక్కువగా దత్తతకు వెళ్ళాయని 2014లో ప్రచురితమైన ఒక అమెరికా అధ్యయనంలో తేలింది. అందువలన కుక్కను గోల లేని చోట, దానికి ఇష్టమైన ఆటవస్తువుతో పరిచయం చేయడం మంచిది. బెదరిన కుక్కను ఆ ఒక్క చూపుతో తోసిపుచ్చకుండా, దానిని రోజూ చూసుకొనే సిబ్బందిని అడగాలి.

కుక్క రోజుకు ఎన్ని గంటలు ఒంటరిగా ఉంటుంది, ఇంట్లో పసిపిల్లలు, వృద్ధులు ఉన్నారా, దానిని నడిపించే తీరిక ఎవరికి ఉంది అన్నవి రంగు, జాతి కంటే ముందు తేల్చుకోవలసిన విషయాలు. వీలున్నచోట కొన్నాళ్ళు తాత్కాలికంగా ఇంట పెంచి చూస్తే ఉభయులకూ మేలు. కొత్త ఇంటికి అలవాటు పడడానికి కుక్కకు కొన్ని వారాలు పట్టవచ్చు. తొలి రోజుల బెదురును చూసి అది తమకు తగినది కాదని నిర్ణయించడం తొందరపాటు అవుతుంది.